కాక్లియర్ పెట్టించిన పిల్లలతో ఇంట్లో తెలుగా, ఇంగ్లీషా?

మాటలు నేర్పే థెరపీ సెంటర్ల బయట కుర్చీల్లో కూర్చున్న తల్లిదండ్రుల్లో ఎవరిని కదిపినా ఇదే ప్రశ్న. వినబడని బిడ్డకు చెవి లోపల కాక్లియర్ ఇంప్లాంట్ అనే మెషిన్ పెట్టే ఆపరేషన్ అయింది, దాన్ని పనిచేయించే స్విచ్ ఆన్ కూడా అయింది, ఇప్పుడు బిడ్డతో ఏ భాషలో మాట్లాడాలి? మా పాపకు పెట్టించామని తెలిసిన దగ్గర్నుంచి నాకూ ఫోన్లు వస్తూనే ఉన్నాయి, గుంటూరు నుంచి ఒకరు, కరీంనగర్ నుంచి ఒకరు, మొన్న డాలస్ నుంచి మా చెల్లి స్నేహితురాలు. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకచోట రాస్తున్నాను. ఏ కంపెనీ మెషిన్ మంచిది, ఒక చెవికా రెండు చెవులకా అనే గొడవ ఇక్కడ ఎత్తుకోవడం లేదు.

ఇంగ్లీషు వైపు వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. పిల్లలు ఎలాగూ ఇంగ్లీషు మీడియంలోనే చదవాలి. ప్రైవేటు బడులే కాదు, తెలంగాణలో 2022–23 నుంచి సర్కారు బడుల్లో కూడా ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం పెట్టారు. థెరపీలో వాడే కార్డులు, బొమ్మల పుస్తకాలు, యాప్‌లు చాలావరకు ఇంగ్లీషులోనే దొరుకుతాయి. పైగా "అసలే వినడం ఆలస్యమైంది, రెండు భాషలు పెడితే రెండూ రావు, ఒకటే పట్టుకోండి, అదేదో బళ్లో పనికొచ్చేదే అయితే మంచిది కదా" అని థెరపీ చెప్పేవాళ్లే అంటే కాదనే ధైర్యం ఎవరికి ఉంటుంది? మేం మొదట వెళ్లిన చోట సరిగ్గా ఇదే చెప్పారు. ఆ మాట విన్నాక మా అత్తయ్యగారు మనవరాలితో నోరు విప్పడానికే జంకారు. తనకు వచ్చిన తెలుగు పిల్లకు చెడు చేస్తుందేమోనని ఆవిడ భయం. నాకు ఆ సలహా మీద మొదటి అనుమానం అక్కడే మొదలైంది, ఎందుకంటే ఇంట్లో పగలంతా పాప దగ్గర ఉండేది ఆవిడే.

నా లెక్కలో దీన్ని తేల్చేది ఒక్కటే. మీ ఇంట్లో రోజంతా, ఎవరూ పిల్లకు పనిగట్టుకుని నేర్పనప్పుడు కూడా, చెవిన పడే మాటలు ఏ భాషలో ఉన్నాయి?

మామూలుగా వినబడే పిల్లలకు మనం నేర్పే మాటలు కొన్నే. మిగిలినవన్నీ పెద్దవాళ్లు కూరగాయలవాడితో బేరమాడుతుంటే, ఫోన్‌లో మాట్లాడుకుంటుంటే, ఒకరినొకరు విసుక్కుంటుంటే విని పట్టేస్తారు. కాక్లియర్ పిల్లలకు అది అంత సులువు కాదు. మామూలు చెవిలో సుమారు 15 వేల వినికిడి కణాలు చేసే పనిని లోపల పెట్టిన, నాడికి కరెంటుతో సంకేతం పంపే 12 నుంచి 22 ఎలక్ట్రోడ్లతోనే (కంపెనీని బట్టి) నెట్టుకురావాలి, ఆ పైన దూరం పెరిగినా, మిక్సీ తిరుగుతున్నా, టీవీ మోగుతున్నా మాట కలిసిపోతుంది. కాబట్టి చెవిన పడే ఆ కాస్త మాటా ధారాళంగా, నిండుగా ఉండాలి. మనకు సగం వచ్చిన భాషలో అది సాధ్యం కాదు. రాని ఇంగ్లీషుతో మొదలుపెట్టిన ఇళ్లలో నేను విన్నది ఇంతే: కమ్, సిట్, ఈట్, గుడ్ గర్ల్, దిస్ ఈజ్ యాపిల్. ఆజ్ఞలు, వస్తువుల పేర్లు. అక్కడితో తల్లి దగ్గర సరుకు అయిపోతుంది.

అదే తల్లి పిల్లను పొయ్యి పక్కన, మెషిన్ ఉన్న చెవి తన వైపు ఉండేట్టు స్టూలు మీద నిలబెట్టి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపేసి, తెలుగులో దోసె పోస్తే ఏమవుతుందో చూడండి. "ఆగమ్మా, ఇంకా కాలలేదు. అంచులు లేచాక తిప్పుదాం. ఇప్పుడే తిప్పితే చిరిగిపోతుంది. నాన్నకి కరకరలాడేది కావాలంట, మరి నీకో?" అని, ఆ ప్రశ్న దగ్గర ఆగి, పిల్ల ఏదో ఒకటి అనేదాకా తొందరపడకుండా ఎదురు చూడటం. ఈ నాలుగు మాటల్లో ఇలా చేస్తే ఇలా అవుతుందనే కారణం ఉంది, ఇంకా జరగనిదాని గురించి చెప్పడం ఉంది, ఇంకొకరి ఇష్టం వేరుగా ఉండొచ్చన్న సంగతి ఉంది. తర్వాత బళ్లో పాఠం అర్థం కావడానికి కావలసినవి ఇవే. ఫ్లాష్ కార్డు మీది యాపిల్ బొమ్మలో ఇవేవీ లేవు.

మా అత్తయ్యగారు మళ్లీ మాట్లాడటం మొదలుపెట్టాక, కొన్ని నెలలకు, నేను గదిలో బట్టలు మడతపెడుతూ స్పీకర్ ఆన్ చేసి మా అమ్మతో మాట్లాడాను. పాప అక్కడే బొమ్మలతో ఉంది. సాయంత్రం వాళ్ల నాన్న రాగానే "తాతయ్యకి జ్వరమంట, రారంట" అని చెప్పింది. ఆ సంగతి దానికి ఎవరూ చెప్పలేదు. తనకు కాని మాట విని, గుర్తుపెట్టుకుని, ఇంకొకరికి అందించింది. థెరపీ రిపోర్టుల్లో ఎన్ని మార్కులు వచ్చినా నాకు అంత నమ్మకం కలగలేదు.

ఇంకో సంగతి ఉంది, దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. పొద్దున మెషిన్ బయటి భాగం చెవికి పెట్టగానే ఆ, ఈ, ఊ, మ్, ష్, స్ అని ఆరు శబ్దాలూ వినబడుతున్నాయో లేదో చూస్తాం కదా, మా పాప తడబడేది ఆ చివరి స్ దగ్గరే. ఇంగ్లీషులో ఒకటా ఎక్కువా అనేది, నిన్నా ఇవాళా అనేది చాలాచోట్ల అలాంటి సన్నటి శబ్దం మీదే ఆధారపడి ఉంటుంది: క్యాట్, క్యాట్స్, వాక్, వాక్డ్. కాస్త దూరం నుంచి అంటే ఆ చివరి ముక్క జారిపోతుంది. తెలుగులో ఆ పని చేసేవి లు, కి, లో, తో, ఆడు, ఇంది. అన్నిట్లోనూ నిండుగా ఒక అచ్చు ఉంది. వచ్చాడు, వచ్చింది, వస్తాడు అంటే ఎవరు, ఎప్పుడు అనేది చెవికి దిట్టంగా అందుతుంది. వినడం కష్టమైన పిల్లకు మొదటి భాషగా ఇంతకంటే అనుకూలమైనది మన చేతిలోనే ఉంది.

మరి ఇంగ్లీషు వెనకబడదా? కొన్నాళ్లు వెనకబడుతుంది, అది నిజం. యూకేజీలో మా పాపకు బళ్లో చెప్పేది సగం అర్థమయ్యేది కాదు, నాకు టెన్షన్ లేదని అనను. కానీ అప్పటికి అది నిన్న ఏం జరిగిందో తెలుగులో వరసగా చెప్పగలిగేది, కాబట్టి ఇంగ్లీషులో ఏదైనా అర్థం కాకపోతే ఇంటికొచ్చి తెలుగులో అడిగేది, నేను తెలుగులో చెప్పేదాన్ని, మర్నాటికి ఇంగ్లీషు మాట దానంతట అదే అతుక్కునేది. రెండు భాషలైతే కాక్లియర్ పిల్లలు వెనకబడతారన్న పాత సలహాను ఇటీవలి పరిశోధనలు బలపరచడం లేదు కూడా. ఒక భాష బాగా కుదిరితే రెండోది వస్తుంది. ఇంకొకటి, పిల్లల అసలు వయసు కాదు, స్విచ్ ఆన్ అయిన రోజు నుంచి లెక్కపెట్టిన వయసు చూసుకోండి. రెండున్నరేళ్లకు పెట్టించిన బిడ్డకు నాలుగేళ్లు నిండేసరికి వినికిడి వయసు ఏడాదిన్నరే. ఏడాదిన్నర పిల్లకు కావలసింది అమ్మ, నానమ్మల కబుర్లే.

పొద్దున తెలుగు, సాయంత్రం ఇంగ్లీషు అనే పద్ధతి చూశాను, ఎవరూ నెల రోజులకు మించి నిలబెట్టుకోలేదు. బస్సు, స్కూలు, టిఫిన్ లాంటి మాటలు వాడితే కల్తీ అని బెంగపడకండి, అవి మన మాటలే. హైదరాబాద్‌లో ఇంటి చుట్టూ హిందీ, ఉర్దూ ఉన్నవాళ్లకు కూడా సూత్రం అదే, మీకు ఏది ధారాళమో అది. అమ్మది తెలుగు, నాన్నది మలయాళమై ఇద్దరూ నిజంగా ఇంగ్లీషులోనే పోట్లాడుకుని, ఇంగ్లీషులోనే నవ్వుకునే ఇల్లయితే ఇంగ్లీషే మీ ఇంటి భాష, నిశ్చింతగా కానివ్వండి. సైగల భాష పూర్తి స్థాయి భాషే, వినికిడి నాడి సన్నగా ఉండి కాక్లియర్‌తో అంతగా ఫలితం రాని పిల్లలకు దాన్ని ఆలస్యం చేయకండి.

అమెరికాలో ఉన్నవాళ్లకు: మూడేళ్ల లోపు పిల్లలకు ఇంటికి వచ్చే థెరపిస్టు మామూలుగా ఇంగ్లీషులోనే చెబుతారు, అది అలాగే సాగనివ్వండి. ఆవిడ ఆ వారం 'లోపల, బయట' మీద పని చేయిస్తే మీరు గిన్నెలు సర్దుతూ అదే తెలుగులో చేయించండి. అక్కడ బయటి ప్రపంచమంతా ఇంగ్లీషు నేర్పుతుంది, తెలుగు చెప్పేది మీరొక్కరే.

ఆలస్యంగా పెట్టించిన పిల్లల సంగతి వేరు, దీన్ని దాచకుండా చెప్పాలి. మూడున్నరేళ్లలోపు శబ్దం అందితే మెదడు దాన్ని బాగా అందిపుచ్చుకుంటుంది, ఆ తర్వాత శ్రమ పెరుగుతూ పోతుంది. ఆరోగ్యశ్రీలో కాక్లియర్ ఉండబట్టి పల్లెల్లో ఎంతోమందికి ఆపరేషన్లు జరిగాయి గానీ, లోపం ఆలస్యంగా బయటపడి, ఐదేళ్లు దగ్గరపడ్డాక పెట్టించుకున్నవాళ్లూ ఉన్నారు. వాళ్లకు నా సలహా: ఇంట్లో తెలుగు ఒక్కటే, బళ్లో ఎంత వస్తే అంత. సీబీఎస్ఈలో ఇలాంటి పిల్లలు ఒక్క భాషే తీసుకోవచ్చు, మన రాష్ట్రాల పదో తరగతిలోనూ వినికిడి లోపం ఉన్నవాళ్లకు భాషల్లో మినహాయింపులు ఉన్నాయి. అక్కడ తెలుగు పేపర్ వదిలేసినా ఇంట్లో తెలుగు వదలొద్దు. ప్రభుత్వం ఇచ్చే వైకల్య సర్టిఫికెట్ (సదరం లేదా యూడీఐడీ) ముందే చేయించి, తొమ్మిదో తరగతిలో చేరగానే బడివాళ్లకు కాపీ ఇచ్చి, మినహాయింపు కావాలని కాగితం మీద రాసి ఇవ్వండి, ఎందుకంటే సీబీఎస్ఈలో రిజిస్ట్రేషన్ ఆ ఏడాదే జరుగుతుంది.