శెట్టి, గుప్త: రెండు వైశ్య నామాల పోలిక

తెలుగు కోమట్లలో ఇంటిపేరు ముందు, వ్యక్తి పేరు తరువాత వస్తాయి. ఆ పేరు చివర చేరే బిరుదులలో శెట్టి, గుప్త ముఖ్యమైనవి. ఒకే సమాజంలో వాడుకలో ఉన్నా, వీటి వెనుక ఉన్న చరిత్రలు వేరు.

సంస్కృత ‘శ్రేష్ఠి’ ప్రాకృతంలో ‘సెట్ఠి’గా మారి, తెలుగు, కన్నడ భాషలలో శెట్టిగా, తమిళంలో చెట్టిగా, ఉత్తరాదిన సేఠ్‌గా నిలిచింది. ఇది మొదట కులాన్ని కాక హోదాను చెప్పిన మాట. కర్ణాటకలోని ఐహోళె కేంద్రంగా ఎదిగి, సుమత్రాలోని బారుస్ దగ్గర 1088 నాటి తమిళ శాసనం వరకు తన జాడ వదిలిన ‘అయ్యావళి ఐదువందలు’ అనే వర్తక శ్రేణి (వ్యాపారుల సంఘం) కాలంలో, ఊరి సంతలోనూ ఆలయ దానాలలోనూ శెట్టికి గౌరవస్థానం ఉండేది. అందుకే ఈ బిరుదు బలిజలకూ దక్కింది. కోస్తా కర్ణాటకలోని తుళునాడులో భూమి సేద్యం ప్రధానంగా గల బంట్లు కూడా శెట్టిలే.

గుప్త మార్గం వేరు. బ్రాహ్మణునికి శర్మ, క్షత్రియునికి వర్మ, వైశ్యునికి గుప్త అన్న విష్ణుపురాణ నియమం దానికి ఆధారం. ఉత్తరాదిన అగర్వాల్ తదితర వర్తక కుటుంబాలు దీనిని విస్తృతంగా ధరించాయి. అయితే బెంగాలులో వైద్యవృత్తి గల వైద్య కులస్థులూ గుప్తలే కనుక, ఈ పేరు చూసి వ్యాపారి అని తీర్మానించడం తొందరపాటు. గుప్త చక్రవర్తుల వర్ణం గురించి చరిత్రకారులలో నేటికీ ఏకాభిప్రాయం లేదు.

వర్తక చరిత్రను వెదికేవారికి శెట్టియే ఎక్కువ చెబుతుందని నా అభిప్రాయం. గుప్త ప్రధానంగా వర్ణ గుర్తింపును ప్రకటిస్తుంది.