టెర్విలిగరా, డీప్ క్రీకా?

రెండూ అమెరికాలోని సహజ వేడినీటి మడుగులు. రెండు చోట్లా బట్టలతో దిగాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఫోన్ మాత్రం సంచిలోనే ఉండాలి.

ఒరెగాన్‌లోని టెర్విలిగర్‌కు కారు దిగాక అరమైలు లోపే నడక. మోకాళ్ల నొప్పులుంటే ఇదే నయం. మడుగులు మెట్లుమెట్లుగా ఉంటాయి, పైది సుమారు 44 డిగ్రీలు. కింది నుంచి మొదలుపెట్టండి. పైదాంట్లో 10 నిమిషాలు దాటి కూర్చుంటే రక్తనాళాలు వదులై బీపీ పడిపోవచ్చు, లేవగానే కళ్లు తిరగొచ్చు. ఈతకు చోటు లేదు.

ఈత కావాలంటే దక్షిణ కాలిఫోర్నియా డీప్ క్రీకే. వేడి మడుగుల పక్కనే చల్లటి వాగు. కారు ఆపే బోవెన్ రాంచ్ నుంచి దాదాపు 2 మైళ్ల దిగుడు. తిప్పలన్నీ తిరిగి ఎక్కేటప్పుడే, నీడే ఉండదు. వేసవిలో మనిషికి 4 లీటర్ల నీళ్లు మోసుకెళ్లాలి. మంచు కరిగే రోజుల్లో వాగు దాటొద్దు. వేడి మడుగులో తల ముంచొద్దు: ముక్కులోకి నీళ్లు పోతే మెదడు తినే అమీబా ప్రమాదం. రాత్రి బస నిషేధం, కాబట్టి ఎండ తగ్గాక తిరిగి బయల్దేరేట్టయితే టార్చి ఉండాలి.