డాక్ నుంచి నేరుగా పవర్ యాంప్‌కా, మధ్యలో ప్రీయాంప్ ఉండాలా: ఏది మేలు?

డాక్ అంటే డిజిటల్ పాటను అనలాగ్ సిగ్నల్‌గా మార్చే పరికరం, పవర్ యాంప్ అంటే ఆ సిగ్నల్‌తో స్పీకర్లను నడిపేది. ఈ రెండిటి మధ్య ఉండే ప్రీయాంప్ పుట్టిందే బలహీనమైన సిగ్నల్‌ను పెంచడానికి. రికార్డు ప్లేయర్‌లో మూవింగ్ మ్యాగ్నెట్ కార్ట్రిడ్జ్ (సూది ఉండే భాగం) ఇచ్చేది సుమారు 5 మిల్లీవోల్టులు. మూవింగ్ కాయిల్ రకమైతే చాలావరకు అర మిల్లీవోల్టు కూడా రాదు. దాన్ని వందల రెట్లు పెంచాలి, ఆర్‌ఐఏఏ ఈక్వలైజేషన్ (రికార్డు మీద తగ్గించిన బేస్‌ను, పెంచిన ట్రెబుల్‌ను మళ్లీ సరిచేయడం) కూడా చేయాలి. 1982లో సీడీ ప్లేయర్లు మార్కెట్‌లోకి వచ్చాక ఈ లెక్క తారుమారైంది. అవి నేరుగా 2 వోల్టులు ఇచ్చేవి. ఇప్పటి డాక్‌లూ ఆర్‌సీఏ సాకెట్ల నుంచి దాదాపు అంతే ఇస్తాయి, మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్ల నుంచి సాధారణంగా 4 వోల్టులు.

పవర్ యాంప్‌కి ఎంత కావాలి? 8 ఓమ్‌ల స్పీకర్‌కి 100 వాట్లు పంపాలంటే 28.3 వోల్టులు ఉండాలి. యాంప్ గెయిన్ (సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచుతుందన్నది) 26 డెసిబెల్స్, అంటే 20 రెట్లు అనుకుంటే, ఇన్‌పుట్‌లో 1.4 వోల్టులకే అది పూర్తి పవర్‌కి చేరిపోతుంది. ఇక 1 వాట్‌కి 0.14 వోల్టు చాలు. ఇంట్లో మామూలుగా వినేటప్పుడు సగటున ఆ ఒక్క వాట్ కూడా ఖర్చు కాదు. కాబట్టి డిజిటల్ సోర్స్ ఒక్కటే ఉన్నచోట గెయిన్ కొరత లేదు, మిగులే ఉంది. తేల్చుకోవాల్సిందల్లా ఆ మిగులును ఎక్కడ తగ్గించాలన్నదే.

నేరుగా కలిపితే ఆ పని డాక్‌లోని డిజిటల్ వాల్యూమ్ చేస్తుంది. ప్రతి 6 డెసిబెల్స్‌కి ఒక బిట్ పోతుందని చాలామంది భయపడతారు. 16 బిట్ల మార్గంలోనే తగ్గిస్తే ఆ భయం సమంజసమే. కానీ 16 బిట్ల పాటను 24 బిట్ల మార్గంలో పంపితే అడుగున 8 బిట్లు ఖాళీగా ఉంటాయి. 48 డెసిబెల్స్ తగ్గించేదాకా లెక్కలో పాట వివరం రాలిపోదు. ఇప్పటి డాక్ చిప్‌లు ఈ లెక్కను 32 బిట్లలో కూడా చేస్తున్నాయి.

అసలు హద్దు వేరే ఉంది. వాల్యూమ్ తగ్గించినప్పుడు పాట తగ్గుతుంది గానీ డాక్ అనలాగ్ భాగంలో పుట్టే హిస్, అంటే సన్నని బుస శబ్దం, అలాగే ఉంటుంది. అది ఎంతో లెక్క కట్టవచ్చు. 2 వోల్టుల అవుట్‌పుట్, 110 డెసిబెల్స్ సిగ్నల్-టు-నాయిస్ (పూర్తి సిగ్నల్‌కీ హిస్‌కీ మధ్య తేడా) ఉన్న డాక్‌లో హిస్ 6.3 మైక్రోవోల్టులు. యాంప్‌లో 20 రెట్లు పెరిగి 126 మైక్రోవోల్టులు అవుతుంది. 2.83 వోల్టులకి 87 డెసిబెల్స్ ఇచ్చే స్పీకర్‌లో, మీటరు దూరంలో, అది దాదాపు 0 డెసిబెల్స్. చెవికి అందదు. అదే 105 డెసిబెల్స్ హార్న్ స్పీకరైతే 18 డెసిబెల్స్‌కి చేరుతుంది, నిశ్శబ్దమైన రాత్రి దగ్గరికి వెళ్తే సన్నని బుస వినిపిస్తుంది. స్పీకర్ సెన్సిటివిటీ, అంటే ఇంత వోల్టేజ్‌కి ఎంత శబ్దం ఇస్తుందన్నది, చూడకుండా ఈ వాదన ఎంత చేసినా తేలదు.

హిస్ వినిపిస్తే వెంటనే ప్రీయాంప్ కొనక్కర్లేదు. యాంప్‌లో గెయిన్ స్విచ్ ఉంటే తగ్గించండి. బెంచ్‌మార్క్ ఏహెచ్‌బీ2 అనే పవర్ యాంప్‌లో 2, 4, 9.8 వోల్టుల ఇన్‌పుట్‌కి మూడు స్థానాలు ఉన్నాయి. స్విచ్ లేకపోతే ఆర్‌సీఏ కేబుల్‌కి యాంప్ చివరన అటెన్యుయేటర్ (సిగ్నల్‌ను తగ్గించే రెసిస్టర్ల జత) పెట్టండి: సిగ్నల్ దారిలో 6.8 కిలోఓమ్‌లు, సిగ్నల్‌కీ గ్రౌండ్‌కీ మధ్య 3.3 కిలోఓమ్‌లు, 1 శాతం మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు. యాంప్ ఇన్‌పుట్ ఇంపెడెన్స్ (ఏసీ సిగ్నల్‌కి ఎదురయ్యే నిరోధం) 47 కిలోఓమ్‌లైతే 10 డెసిబెల్స్ తగ్గుతాయి. పాటతోపాటు డాక్ హిస్ కూడా అంతే తగ్గుతుంది. డాక్ చివరన మాత్రం పెట్టకండి. అటెన్యుయేటర్ తర్వాత ఇంపెడెన్స్ 2 కిలోఓమ్‌లు దాటుతుంది, ఆ తర్వాత పొడవాటి కేబుల్ ఉండకూడదు.

నేరుగా కలపడంలో నిజమైన ప్రమాదం శబ్ద నాణ్యతలో లేదు, స్పీకర్లు కాలిపోవడంలో ఉంది. కంప్యూటర్ వాల్యూమ్‌నే నమ్ముకుంటే, ప్లేయర్ సాఫ్ట్‌వేర్ ఎక్స్‌క్లూజివ్ మోడ్‌లోకి (డాక్‌ను పూర్తిగా తన చేతిలోకి తీసుకునే పద్ధతిలోకి) వెళ్లిన క్షణం ఆ వాల్యూమ్ పక్కకు తప్పుకోవచ్చు, పూర్తి 2 వోల్టులూ యాంప్ మీద పడతాయి. అందుకే వాల్యూమ్ డాక్‌లోనే ఉండాలి. ఆన్ చేసినప్పుడు అది ఏ స్థాయిలో లేస్తుందో యాంప్ కలపకముందే చూసుకోవాలి. ఆన్ చేసేటప్పుడు డాక్ ముందు, యాంప్ చివర. ఆపేటప్పుడు యాంప్ ముందు. డాక్ అవుట్‌పుట్‌లో డీసీ ఎంతుందో మల్టీమీటర్‌తో కొలవండి. ఇన్‌పుట్ కెపాసిటర్ లేని యాంప్‌లో 10 మిల్లీవోల్టులు కూడా స్పీకర్ దగ్గర 200 అవుతాయి, అది ఎక్కువే.

మరి ప్రీయాంప్ ఎక్కడ కావాలి? డాక్ అవుట్‌పుట్ ఫిక్స్‌డ్ అయితే (అంటే దానిలో వాల్యూమ్ లేకపోతే), రికార్డు ప్లేయరో క్యాసెట్ డెక్కో కూడా ఉంటే, టోన్ కంట్రోల్స్ కావాలంటే, సబ్‌వూఫర్‌కి వేరే అవుట్‌పుట్ కావాలంటే తప్పదు. యాంప్‌కే గెయిన్ లేకపోతే మరీ తప్పదు. ఫస్ట్ వాట్ ఎఫ్4 అనే పవర్ యాంప్ వోల్టేజ్‌ని అసలు పెంచదు. 2 వోల్టుల డాక్ కలిపితే 8 ఓమ్‌ల స్పీకర్‌కి వెళ్లేది అర వాట్ మాత్రమే. ట్యూబ్ ప్రీయాంప్ చేర్చే హార్మోనిక్స్ రుచి నచ్చి కొనుక్కోవడంలోనూ తప్పు లేదు. అది ఇష్టం, అవసరం కాదు. ఇంకో పెట్టె చేరితే ఇంకో పవర్ కార్డు, ఇంకో జత కేబుల్స్, గ్రౌండ్ లూప్ (పెట్టెల గ్రౌండ్‌లు రెండు దారుల్లో కలవడం) వల్ల హమ్ వచ్చే అవకాశం కూడా చేరతాయి.

పాసివ్ ప్రీయాంప్, అంటే పెట్టెలో ఒక పొటెన్షియోమీటర్, మధ్యే మార్గంలా కనిపిస్తుంది. దాని విలువ చూసి కొనాలి. 10 కిలోఓమ్‌ల పాట్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ అత్యధికంగా 2.5 కిలోఓమ్‌లు, 50 కిలోఓమ్‌లదైతే 12.5. కేబుల్ కెపాసిటెన్స్ మీటరుకి 100 పీకోఫారడ్స్ అనుకుంటే, 5 మీటర్ల కేబుల్‌తో రెండోది 20 కిలోహెర్ట్జ్ దగ్గర 2 డెసిబెల్స్ పోగొడుతుంది. మొదటిదాంతో ఆ బాధ లేదు. చవక పాట్‌లలో అడుగు స్థాయిలో ఎడమ కుడి చానెళ్లు సమంగా ఉండవు. గెయిన్ ఎక్కువున్న యాంప్‌తో మీరు రోజూ వినేది సరిగ్గా ఆ స్థాయిలోనే.

రెండు పద్ధతులూ ఇంట్లోనే పోల్చాలనుకుంటే ముందు స్థాయి సమం చేయండి. 400 హెర్ట్జ్ సైన్ టోన్‌ను తక్కువ స్థాయిలో పెట్టి, స్పీకర్ టెర్మినల్స్ దగ్గర ఏసీ వోల్టేజ్ కొలిచి, రెండిటి మధ్య తేడా 1 శాతం లోపు ఉండేలా సర్దండి. కొంచెం బిగ్గరగా ఉన్నదే బాగుందని చెవి చెబుతుంది. సమం చేయకుండా విన్న పోలికలో గెలిచేది వాల్యూమే.