డబ్బు లెక్కల్లో ఎక్స్: చాలా ఏళ్లు వాడాక నా సమీక్ష

రోజువారీ డబ్బు లెక్కలకి చిన్నపాటి బీజగణితం, దానితోపాటు అంచనా వాడటం నాకు చాలా ఏళ్లుగా అలవాటు. మార్కులు వేయమంటే సమీకరణం కంటే అంచనాకే ఎక్కువ వేస్తాను. సమీకరణం తప్పుగా రాసుకున్నా అది బుద్ధిగా ఏదో ఒక జవాబు ఇచ్చేస్తుంది. ఆ జవాబు నమ్మేలా ఉందా లేదా అన్నది ముందే వేసుకున్న అంచనా పక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

బీజగణితం బాగా పనికొచ్చేది వెనక్కి వెళ్లే లెక్కల్లో. 20 శాతం తగ్గింపు పోను బిల్లు 480 అయింది, అసలు ధర ఎంత? చాలామంది 480కి దానిలో 20 శాతం కలిపి 576 అంటారు. తగ్గించింది అసలు ధర మీద కదా! దాన్ని ఎక్స్ అనుకుంటే 0.8 ఎక్స్ = 480, కాబట్టి ఎక్స్ 600. '50 శాతం తగ్గింపు, ఆపైన మరో 20' అన్నా ఇదే తంతు: 0.5ని 0.8తో గుణిస్తే 0.4, అంటే మొత్తం తగ్గింపు 60 శాతమే, 70 కాదు.

అంచనా అంటే నోటికొచ్చింది చెప్పడం కాదు. మనుషులు ఠక్కున తోచిన జవాబుతో ఆగిపోతారా, ఆలోచిస్తారా అని చూడటానికి షేన్ ఫ్రెడరిక్ అనే పరిశోధకుడు 2005లో ప్రచురించిన పరీక్షలో ఒక ప్రశ్న ఉంది: బ్యాట్, బంతి కలిపి 1.10 డాలర్లు, బ్యాట్ ధర బంతి కంటే ఒక డాలర్ ఎక్కువ, బంతి ఎంత? ఠక్కున 10 సెంట్లు అనిపిస్తుంది. అలా అయితే బ్యాట్ 1.10, మొత్తం 1.20 అయిపోతుంది. సరైన జవాబు 5 సెంట్లు. జవాబుని తిరిగి ప్రశ్నలో పెట్టి చూసుకునే ఓపిక లేనివాళ్లకి ఈ పద్ధతి నేను సిఫారసు చేయను.

నాకు దీనివల్ల ఎక్కువ లాభం కలిగింది అప్పుల దగ్గర. లక్ష అప్పు, ఏడాదికి 12 శాతం ఫ్లాట్ వడ్డీ (అంటే అసలు తగ్గుతున్నా మొదటి లక్ష మీదే వేసే వడ్డీ), 12 సమాన నెలవారీ వాయిదాలు అనుకోండి. వడ్డీ 12,000, మొత్తం 1,12,000, నెలకి సుమారు 9,333. వినడానికి బాగానే ఉంటుంది. కానీ లక్ష మన దగ్గర ఉండేది మొదటి నెలే, తర్వాత నెలనెలా అసలు తగ్గిపోతూ ఉంటుంది. ఏడాది మొత్తం మీద సగటున మన చేతిలో ఉండే అసలు దాదాపు 54,000. దాని మీద 12,000 వడ్డీ అంటే 22 శాతం! కాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు. తగ్గే బాకీ మీద పద్ధతిగా లెక్కకడితే వచ్చేది 21.5 శాతానికి దగ్గర. ఆ పద్ధతైన లెక్క మాత్రం మామూలు బీజగణితంతో తేలదు, ఎక్స్ 12వ ఘాతం దాకా వెళ్తుంది, స్ప్రెడ్‌షీట్ తెరవాల్సిందే. ఇక్కడ అంచనా లేకపోతే నేను నోరు మూసుకుని సంతకం పెట్టేవాణ్నే.

72 సూత్రం కూడా బాగుంది. వడ్డీ రేటుతో 72ని భాగిస్తే డబ్బు రెట్టింపయ్యే ఏళ్లు వస్తాయి. చక్రవడ్డీకి మాత్రమే సుమా. 8 శాతానికి 9 ఏళ్లు, ఇది దాదాపు కచ్చితం. రేటు పెరిగేకొద్దీ గురి తప్పుతుంది: 36 శాతానికి రెండేళ్లు అంటుంది, నిజానికి రెండేళ్లకి 1.85 రెట్లే.

లోపాలూ ఉన్నాయి. అంచనా వేసేటప్పుడు ధరలన్నిటినీ గుండ్రటి అంకెలకి కిందికే సవరించుకుంటూ పోతే పొడవాటి జాబితాలో మొత్తం బాగా తగ్గి కనిపిస్తుంది, అందుకే ఒకటి పైకి, ఒకటి కిందికి సవరిస్తాను. ఇంకోటి, నెలకి 300 కట్టి వాడకానికి 2 చొప్పున ఇవ్వాలా, ఏమీ కట్టకుండా వాడకానికి 5 ఇవ్వాలా అన్న లెక్క ఉందనుకోండి. 300 + 2 ఎక్స్ = 5 ఎక్స్, 100 సార్లు దాటితే మొదటిది లాభం. మనం నిజంగా అన్నిసార్లు వాడతామా అన్నది ఎక్స్ చెప్పదు. దానికి పాత బిల్లులు తీసి చూసుకోవాల్సిందే.