ఫిగ్మా డెవ్ మోడ్: ఒక ఫ్రంట్ ఎండ్ డెవలపర్ రివ్యూ

యాప్‌లు, వెబ్ పేజీల స్క్రీన్లు డిజైన్ చేసే టూల్ ఫిగ్మా. ఆ డిజైన్ చూసి కోడ్ రాసే డెవలపర్ల కోసం అందులో డెవ్ మోడ్‌ని 2023 జూన్‌లో తెచ్చింది. ఆ ఏడాది చివరిదాకా ఉచితంగా వాడనిచ్చి, 2024 నుంచి డబ్బు కట్టిన సీట్లకే (ఒక్కో మనిషికి తీసుకునే లైసెన్స్) పరిమితం చేసింది. మరి ఆ డబ్బు పెట్టొచ్చా? నా వరకు పెట్టొచ్చు. కానీ చాలామంది చెప్పే కారణానికి కాదు.

పేజీ రూపాన్ని చెప్పే సీఎస్‌ఎస్ కోడ్ దానంతటదే వస్తుందని అందరూ దీన్ని మెచ్చుకుంటారు. నేను ఆ కోడ్‌ని కాపీ చేయడం తక్కువ. డిజైనర్ ఆటో లేఅవుట్‌తో (భాగాలను వాటంతటవే సర్దే ఫిగ్మా సదుపాయం) కడితే గ్యాప్, ప్యాడింగ్‌లతో, చోటును బట్టి సర్దుకునే ఫ్లెక్స్ కోడ్ చక్కగా వస్తుంది. బొమ్మలా పక్కపక్కన పేర్చేస్తే కొలతలు మాత్రమే వస్తాయి, స్క్రీన్ సైజు మారగానే అవి ఎందుకూ పనికిరావు. ఆ కోడ్ సరిచూసుకోవడానికి బాగుంటుంది, అంతే.

అసలు విలువ, ఇక కోడ్ రాయొచ్చని డిజైనర్ పెట్టే ‘రెడీ ఫర్ డెవ్’ గుర్తులో ఉంది. పేమెంట్ పేజీ ఒక్కదానికే ఫైల్లో నాలుగైదు రూపాలు ఉంటాయి. వాటిలో ఏది ఫైనల్ అన్నది తేల్చుకోవడానికే ఒకప్పుడు మా టీమ్‌లో మెసేజ్‌ల మీద మెసేజ్‌లు నడిచేవి. ఇప్పుడు గుర్తు పెట్టిన ఫ్రేమ్ (ఫైల్లో ఒక స్క్రీన్ డిజైన్) మీదే నేను పని మొదలుపెడతాను. తర్వాత డిజైనర్ అందులో ఏదైనా కదిపితే, మారిందని అక్కడే తెలుస్తుంది. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి ఏం మారిందో చూసుకోవచ్చు. చెప్పకుండా మారిపోయిన మార్జిన్ కోసం రిలీజ్ ముందు రోజు టెన్షన్ పడే పని తప్పింది. ఈ ఒక్కదానికే నేను సీటు తీసుకుంటాను.

యానోటేషన్లు, అంటే డిజైన్ మీద పెట్టే నోట్స్ కూడా నాకు బాగా నచ్చాయి. బొమ్మలో కనిపించని ప్రవర్తనను డిజైనర్ అక్కడే రాసి పెట్టొచ్చు. ‘నొక్కాక జవాబు వచ్చేదాకా ఈ బటన్ పనిచేయకూడదు’ అని ఒక్క ముక్క రాస్తే చాలు, రెండుసార్లు ఆర్డర్ పడే బగ్ పుట్టకముందే పోతుంది. రంగులకు వేరియబుల్స్ (పేరు పెట్టి దాచుకున్న విలువలు) వాడితే, రంగును సూచించే హెక్స్ కోడ్‌తో పాటు వాటి పేరూ కనిపిస్తుంది. ఆ పేరు మన కోడ్‌లో ఎలా ఉండాలో కూడా ముందే సెట్ చేసుకోవచ్చు. డార్క్ థీమ్ చేసేటప్పుడు దీని విలువ తెలుస్తుంది.

‘కోడ్ కనెక్ట్’ అనే సదుపాయం, ఫిగ్మా తయారుచేసిన కోడ్ బదులు మన సొంత కాంపోనెంట్ (బటన్ లాంటి, మళ్లీ మళ్లీ వాడే భాగం) కోడ్‌నే చూపిస్తుంది. మంచి ఆలోచన. కాకపోతే ఇది పెద్ద ప్లాన్లలోనే దొరుకుతుంది, పైగా కాంపోనెంట్ మారినప్పుడల్లా ఎవరో ఒకరు దీన్నీ సరిచేస్తూ ఉండాలి. ఆ బాధ్యత ఎవరిదో తేలకుండా మొదలుపెట్టకండి.

గీయని స్క్రీన్‌ని ఏ టూలూ చూపించలేదు. జాబితా ఖాళీగా ఉంటే ఏం కనిపించాలి? నెట్ ఆగిపోతే? పేరు మూడు లైన్లకు పాకితే? ఇవి అడగాల్సింది డెవలపరే, అదీ గుర్తు పెట్టకముందే. నేనూ డిజైనరూ ఫైల్ తెరిచి కలిసి కాసేపు చూశాకే గుర్తు పెడతాం. అప్పుడే ‘ఇది కట్టడానికి కష్టం, ఇలా మారిస్తే తేలిక’ అని నేను చెప్పగలను, గీసింది పారేయకుండా డిజైనర్ మార్చగలరు.

మీ ఫైళ్లలో ఆటో లేఅవుట్, కాంపోనెంట్లు ఇంకా లేకపోతే ముందు వాటి సంగతి చూడండి. డిజైనర్, డెవలపర్ ఒక్కొక్కరే ఉన్న టీమ్‌కి మామూలు ఫైలు, కామెంట్లు సరిపోతాయి. పెద్ద టీమ్ అయితే సీట్లు లెక్కేసేటప్పుడు టెస్టింగ్ వాళ్లను కూడా కలపండి. వాళ్లు పాత స్క్రీన్‌షాట్ చూసి బగ్ రాస్తే, తిరిగి మొదటికే వస్తాం.