0.45 గ్రాములా, 0.53 గ్రాములా: నాలుగేళ్లు రెండూ కాల్చాక

మా ఇంట్లో నన్ను పిట్టలదొర అని పిలుస్తారు. ఎయిర్ రైఫిల్ కొని నాలుగేళ్లయినా ఇంటికి ఒక్క పతకమూ రాలేదు కాబట్టి ఆ బిరుదును కాదనలేను. అయితే ఈ నాలుగేళ్లలో 40 డబ్బాలు, అంటే 20 వేల పెల్లెట్లు, ఎయిర్ రైఫిల్‌లో వేసే చిన్న సీసపు గుళ్లు, కాల్చిపారేశాను. పది మీటర్ల రైఫిల్‌లో తేలిక పెల్లెట్ వేయాలా, బరువు పెల్లెట్ వేయాలా అని ఎవరైనా కొత్తవాళ్లు అడిగితే చాలు, మేం కాల్చడం సాధన చేసే రేంజిలో పంచాయతీ మొదలవుతుంది. ఆ పంచాయతీలో నేను రెండు పక్షాల తరఫునా వాదించాను. తీర్పు చివరికి ఎక్కడ వచ్చిందో తర్వాత చెబుతాను.

డల్లాస్‌లో ఉండే మా బావమరిది తన రైఫిల్‌కు తూటాలు తానే నింపుకుంటాడు. పొలాలను పాడుచేసే చిన్న జంతువుల కోసం అక్కడ వాడే .223 రైఫిల్ అది. 40 గ్రెయిన్ల (సుమారు 2.6 గ్రాముల) తేలిక బుల్లెట్ వేస్తే తూటాలో పేలే మందుకు ఎదురొత్తిడి తక్కువ, కాబట్టి త్వరగా మండే రకం ఎంచుకోవాలంటాడు. ఒక శనివారం రాత్రి ఫోనులో ‘మందు తూస్తున్నాను, తర్వాత చేస్తాను’ అన్నాడట, మా అత్తగారికి ఆ రాత్రంతా నిద్ర లేదు. ‘మీ గాలి తుపాకిలో ఎంచుకోవడానికి ఏముంది బావా’ అని నన్ను ఎగతాళి చేస్తాడు. మందు లేని మాట నిజమే. కానీ మందు లేనందువల్లే మా తగువంతా పెల్లెట్ మీదకు వచ్చిపడింది.

నాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న వాల్టర్ ఎల్‌జీ 300. సిలిండర్‌లో నింపిన గాలితో పనిచేస్తుంది. బోరు, అంటే గొట్టం లోపలి వ్యాసం, 4.5 మిల్లీమీటర్లు, శక్తి 20 జౌళ్లకు చాలా తక్కువ, కాబట్టి 2016 ఆయుధ నియమాల ప్రకారం దీనికి లైసెన్సు అక్కర్లేదు. కొనగానే చుట్టాలందరూ అడిగిన మొదటి ప్రశ్న అదే. రెండో ప్రశ్న, పిట్టలు పడతాయా అని. పిట్టల జోలికి పోతే 1972 నాటి వన్యప్రాణి చట్టం మన జోలికి వస్తుందని చెప్పి ఊరుకుంటాను.

నేను పోల్చింది జర్మనీ కంపెనీ ఆర్‌డబ్ల్యూఎస్ వారి ఆర్10 మ్యాచ్ పెల్లెట్లను. ఒకే తయారీ, రెండు బరువులు. 0.53 గ్రాములది రైఫిల్ కోసం, 0.45 గ్రాములది ప్రధానంగా పిస్టల్ కోసం. రెండింటికీ ముందు భాగం చదునుగా ఉంటుంది, కాగితంలో గుండ్రటి శుభ్రమైన కన్నం పడాలని. నడుము సన్నం. వెనక భాగం బోలు, దాన్నే స్కర్ట్ అంటారు. గాలి తోసినప్పుడు ఆ స్కర్టే విచ్చుకుని బ్యారెల్ గాడులను పట్టుకుంటుంది. ధర మాట ఎత్తకపోవడం మంచిది. దేశీ గుళ్ల కన్నా మూడు నాలుగింతలు, ఇంట్లో బిల్లు చూపించలేనంత.

పిస్టల్ పెల్లెట్‌ను రైఫిల్‌లో ఎందుకు వేశావంటే, కారణం మా రేంజిలో ఒక పెద్దాయన. ట్రిగ్గర్ నొక్కిన వెంటనే నా ఎడమ మోచేయి సడలిపోయే దురలవాటు ఆయన కనిపెట్టారు. ‘తేలికది వెయ్యి బాబూ, బ్యారెల్‌లోంచి త్వరగా బయటపడుతుంది, నీ వణుకు దానికి అంటదు’ అన్నారు. మాట నచ్చింది. తప్పు చేతిలో ఉంటే మందు డబ్బాలో దొరుకుతుందంటే ఎవరికి చేదు?

మొదట వేగం కొలిచాను. వేగం చూపించే క్రోనోగ్రాఫ్ మీద బరువుది సెకనుకు 172 మీటర్లు, తేలికది 184. పది మీటర్లు వెళ్లేలోగా బరువుది సుమారు 16.6 మిల్లీమీటర్లు కిందికి జారుతుంది, తేలికది 14.5. తేడా రెండు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పది అనే చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. ఒక్కో వలయానికి మధ్య ఎడం రెండున్నర మిల్లీమీటర్లు. దశాంశాల్లో లెక్కపెడితే ప్రతి పావు మిల్లీమీటరుకూ పాయింటులో పదో వంతు పోతుంది. 10.9 రావాల్సిన దెబ్బ రెండు మిల్లీమీటర్లు పైకి తగిలితే 10.1 అవుతుంది. గురి చూసే సైటు సర్దకుండా డబ్బా మార్చిన రోజున నాకు జరిగింది ఇదే. ఒక పూటంతా నా ఊపిరిని, నా భంగిమను, ముందురోజు తిన్న బిర్యానీని అనుమానించాను.

తర్వాత రైఫిల్‌ను బల్లకు బిగించి, ఒక్కో రకంతో పదేసి దెబ్బల చొప్పున ఐదు గుంపులు కాల్చాను. కన్నాల వెలుపలి అంచు నుంచి వెలుపలి అంచుకు బరువుది సగటున 5.9 మిల్లీమీటర్లు, తేలికది 6.1. ఈ తేడాకు అర్థం లేదు, మరునాడు కాలిస్తే తారుమారు కావచ్చు. ఒక చవక గుండు మాత్రం, పేరు వద్దు, తొమ్మిది దాటింది. అది తిరునాళ్లలో బెలూన్లకు సరిపోతుంది.

మరి పెద్దాయన చెప్పిన వణుకు సంగతి? లెక్క వేశాను. 40 సెంటీమీటర్ల పైచిలుకు బ్యారెల్‌ను దాటడానికి పెల్లెట్‌కు పట్టేది రమారమి నాలుగు మిల్లీసెకన్లు. తేలికది ఆదా చేసేది ఒక మిల్లీసెకనులో మూడో వంతు లోపే. నా మోచేయి అంత చురుకైనది కాదు. ఆరు నెలల స్కోరు పుస్తకం చూసినా అంతే, తేలికదానితో సగటు 10.1, బరువుదానితోనూ 10.1. లెక్క ఆయనకు చూపించలేదు. పెద్దాయన, పైగా మోచేయి గురించి చెప్పింది అక్షరాలా నిజం.

బరువు కన్నా నన్ను ఎక్కువ ఏడిపించింది బ్యాచ్. డబ్బా మీద 4.49 అనో 4.50 అనో తల వ్యాసం ఉంటుంది, పక్కనే బ్యాచ్ నంబరు. మొదట్లో వ్యాసం చూసుకునేవాణ్ణి, నంబరును పట్టించుకోలేదు. ఒకసారి ఒక దుకాణంవాడు నేను అడిగిన 4.49కి బదులు వేరే సైజు డబ్బాలు ఆరు పంపాడు. పెట్టె మీద తన సొంత స్టిక్కరు అంటించి మరీ పంపాడు. ఫోను చేస్తే ‘రెండూ ఒకటే సార్’ అన్నాడు. కోపంతోనే కాల్చాను. తీరా చూస్తే అవి నా పాత 4.49 కన్నా బాగా పడ్డాయి. ఇంకా ఆరు తెప్పిస్తే, అదే సైజు, వేరే బ్యాచ్, గుంపు ఏడు మిల్లీమీటర్లకు పెరిగింది. దుకాణంవాడి మీద కోపం తగ్గలేదు, కానీ అప్పటినుంచి ఒక డబ్బా కొని, పరీక్షించి, నచ్చితే అదే నంబరువి పది తీసుకుంటున్నాను.

బ్యాచ్‌ల మీద అనుమానం ముదిరిన రోజుల్లో మా బెంగళూరు చిక్కపేటలో బంగారు పని చేసే ప్రొద్దుటూరు మిత్రుడి దగ్గరికి వెళ్లాను. అతని తక్కెడ మిల్లీగ్రాము దాకా చూపిస్తుంది. ‘అన్నా, ఈ పళ్లెంలో సీసం పెట్టించినవాడివి నువ్వొక్కడివే’ అంటూనే ఒక్కో రకం నుంచి యాభై తూచాడు. బరువుది 0.527 నుంచి 0.534 వరకు, తేలికది 0.447 నుంచి 0.453 వరకు ఉన్నాయి. చవకది 0.49 నుంచి 0.54 దాకా ఊగింది. ‘ఇది ఎవరు పోసిన పోత అన్నా’ అని అతను నిజంగానే నొచ్చుకున్నాడు.

ఇక తీర్పు. నేను మారతహళ్లి నుంచి కమ్మనహళ్లి రేంజికి స్కూటర్ మీద వెళ్తాను. మెట్రో పనులతో మహదేవపుర నుంచి టిన్ ఫ్యాక్టరీ దాకా ఔటర్ రింగ్ రోడ్డు ఎలా ఉంటుందో ఈ ఊరివాళ్లకు చెప్పనక్కర్లేదు. డిక్కీలో పెల్లెట్ డబ్బా ఆ దారిపొడవునా గిలక్కాయలా మోగుతుంది. రేంజికి చేరి మూత తీస్తే తేలిక డబ్బాలో ప్రతి ఇరవైలో ఒకటో రెండో స్కర్ట్ నొక్కుకుపోయి కనిపించేవి. బరువు డబ్బాలో వందకు రెండు కూడా ఉండవు. తేలికదాని అంచు పలుచన, సీసం మెత్తన, గుంతలు లోతు. స్కర్ట్ సొట్టపోయిన పెల్లెట్లను విడిగా దాచి పది కాల్చి చూశాను, గుంపు ఎనిమిది దాటింది. స్పాంజిని గుండ్రంగా కోసి మూత కింద పెట్టాక నష్టం సగానికి తగ్గింది, పూర్తిగా పోలేదు. కాల్చడానికి కూర్చున్న ప్రతిసారీ కళ్లద్దాలు పెట్టుకుని, బియ్యంలో రాళ్లు ఏరినట్టు పెల్లెట్లు ఏరే ఓపిక నాకు లేదు. 0.53కి మారిపోయాను.

కారులో వెళ్లేవాళ్లు, రేంజిలోనే లాకరు ఉన్నవాళ్లు తేలికది వాడుకున్నా నష్టమేమీ లేదు, సైటు మాత్రం దానికి తగ్గట్టు మార్చుకోవాలి. వానాకాలంలో ఏ డబ్బానైనా సిలికా జెల్ పొట్లంతో పాటు గాలి చొరని డబ్బాలో పెట్టండి. నిరుడు అటక మీద మరిచిన డబ్బా తీస్తే గుళ్ల మీద తెల్లటి బూడిదలాంటి పొర కట్టింది. అది సీసం తుప్పు, ఊదకూడదు, వేళ్లతో రుద్దకూడదు. ఆ డబ్బా అలాగే మూసి పారేశాను. కాల్చడం అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోకుండా మా రేంజిలో ఎవరికీ టీ ఇవ్వరు. ఆ నియమం పెట్టింది పెద్దాయనే.

మిగిలిన మూడు తేలిక డబ్బాలు పిస్టల్ నేర్చుకుంటున్న ఒక అమ్మాయికి ఇచ్చేశాను. డబ్బు వద్దంటే, బ్యారెల్ తుడిచే ఫెల్ట్ గుళ్లు ఒక సంచీ తెచ్చి ఇచ్చింది. ఆ అమ్మాయి మెట్రోలో వస్తుంది. సొట్టలు లేవట.