అడ్మిషన్ కన్సల్టెన్సీ చేతికి పిల్లల ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వకండి, నేనిచ్చి బుక్కయ్యా

ఇప్పుడే జూబ్లీ బస్‌స్టేషన్‌లో మా అక్కనీ మేనకోడలినీ కరీంనగర్ బస్సెక్కించి వచ్చా, ఇంకా అన్నం కూడా తినలేదు, కోపం మీదున్నా, కాబట్టి రాతలో తప్పులుంటే సర్దుకోండి.

కన్సల్టెన్సీ పేరు రాయను. రాస్తే లీగల్ నోటీసు పంపిస్తామని ఇవాళే బెదిరించారు, నాకు ఇంకో తలనొప్పి పెట్టుకునే ఓపిక లేదు. ఇంట్లో ఇంటర్ సెకండియర్ పిల్లలున్నవాళ్లకి పేరు చెప్పక్కర్లేదు కూడా. రోజుకో కొత్త నంబర్ నుంచి ఫోన్ చేసి "సార్, పాప ఎంసెట్ రాసిందా, ర్యాంక్ ఎంతొచ్చింది" అని అడిగే బాపతే. మన నంబర్, పిల్ల హాల్ టికెట్ వివరాలు వాళ్లకెట్లా చేరతాయో ఆ దేవుడికే తెలియాలి.

మేనకోడలికి ఎంసెట్‌లో ఇరవై ఎనిమిది వేల చిల్లర ర్యాంకు, బీసీ-బీ. జేఈఈ మెయిన్ సంగతి వదిలేయండి. బావకి కిరాణా కొట్టు, ఆయనకి ఈ కౌన్సెలింగ్, స్లాట్ బుకింగ్ గోల ఏదీ తెలీదు. అక్కేమో "తమ్మీ, నువ్వైతే ఇంజనీరింగ్ చదివినవ్, హైదరాబాద్‌ల ఉంటవ్, నువ్వే చూడు" అని మొత్తం నా మీద పెట్టేసింది. నేను ఇంజనీరింగ్‌లో చేరి పదిహేనేళ్లు దాటింది, అప్పట్లో నా వెబ్ ఆప్షన్లు (ఏ కాలేజీ, ఏ బ్రాంచి కావాలో వరసగా ఆన్‌లైన్‌లో పెట్టే లిస్టు) కూడా నెట్ సెంటర్ వాడు పెట్టినవే, అయినా పెద్ద తోపులాగ "నేను చూస్కుంటా అక్కా, నువ్వు ఫికర్ చేయకు" అన్నా. ఆ ఒక్క మాట ఖరీదు లక్షా పాతిక వేలు.

మా టీంలో ఒకడున్నాడు, వాడే చెప్పాడు ఈ కన్సల్టెన్సీ గురించి. "మా కజిన్‌ని వీళ్ల ద్వారానే వేశాం బ్రో, జెన్యూన్ పీపుల్" అన్నాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తా దీని దగ్గరికి.

సరే, వాళ్లది ఒక హోటల్లో ఎడ్యుకేషన్ ఫెయిర్ అంటే పిల్లని తీసుకుని పోయాం. ఏసీ హాలు, సమోసా, టీ, ఒక పెన్ను, ఒక గుడ్డ సంచీ. ఆ సంచీ ఇప్పుడు మా ఇంట్లో ఉల్లిగడ్డలకి పనికొస్తోంది, లక్షా పాతిక వేల సంచీ. అక్కడ తగిలాడు ఆ కన్సల్టెన్సీ కౌన్సెలర్. వయసులో నాకంటే చిన్నోడే, టై కట్టుకుని, "అన్నా అన్నా" అని నోరు తెరిస్తే తేనె. బెంగళూరు నుంచి గంటన్నర దూరంలో ఉన్న ఓ ప్రైవేట్ యూనివర్సిటీ బ్రోచర్ మా ముందు పరిచాడు. నాక్ గ్రేడ్ (కాలేజీ నాణ్యత చూసి ఇచ్చేది) ఉందన్నాడు, ఎన్‌బీఏ గుర్తింపు ఉందన్నాడు, ర్యాంకింగ్ ఉందన్నాడు, హైయెస్ట్ ప్యాకేజ్ 44 లక్షలు అన్నాడు. ఆ 44 లక్షల పిల్లాడి ఫోటో కూడా ఉంది, పిల్లాడు నవ్వుతున్నాడు. ఇప్పుడనిపిస్తోంది మమ్మల్ని చూసే నవ్వాడని.

అప్పటికి నేను ఇరవై ఐదు వేలు కట్టి ఊరుకున్నా, "సీట్ బ్లాకింగ్" అని. ఎంసెట్‌లో మంచిది రాకపోతే చేతిలో ఒకటుంటుంది కదా అనుకున్నా. అక్కడితో ఆగినా బాగుండేది.

తర్వాత ఎంసెట్ కౌన్సెలింగ్‌కి స్లాట్ బుక్ చేసుకుని సర్టిఫికెట్ వెరిఫికేషన్ చేయించాం, వెబ్ ఆప్షన్లు పెట్టాం, ఆ తర్వాత మాక్ అలాట్‌మెంట్ వచ్చింది చూడండి, అందులో ఎప్పుడూ పేరు కూడా వినని కాలేజీలో సివిల్ చూపించింది. మాక్ అంటే ఉత్తుత్తిదే, దాన్ని చూసి ఆప్షన్లు సర్దుకోమని మళ్లీ టైమిస్తారు, జనాలు మార్చుకున్నాక అసలు అలాట్‌మెంట్ వేరేగా రావచ్చు అని నాకు తెలుసు, చదివా కూడా. కానీ ఆ రాత్రి పిల్ల ఫోన్‌లో ఏడ్చింది. సరిగ్గా తెల్లారి తొమ్మిదింటికి కౌన్సెలర్ ఫోన్. "అన్నా, మాక్ చూసిండ్రా? ఈసీఈలో ఇంకా నాలుగు సీట్లే ఉన్నయన్నా, సాయంత్రం లోపు లక్ష కట్టి ఒరిజినల్స్ సబ్మిట్ చేస్తే లాక్ చేయిస్తా, మళ్లీ నన్ననొద్దు."

పోయా. ఆఫీస్‌లో హాఫ్ డే పెట్టి మరీ పోయా. టీసీ, ఇంటర్ మెమో, టెన్త్ మెమో, మూడూ ఒరిజినల్స్, ప్లాస్టిక్ ఫోల్డర్‌లో పెట్టి ఇచ్చా. రసీదు అడిగితే "వాట్సాప్‌లో పెడ్తా అన్నా" అన్నాడు, ఊ అన్నా. డబ్బులకి క్యూఆర్ కోడ్ చూపించాడు, స్కాన్ చేస్తే ఏదో ఎంటర్‌ప్రైజెస్ అని వచ్చింది, యూనివర్సిటీ పేరు కాదు. కనిపించింది నాకు. కళ్లముందే కనిపించింది. అయినా పిన్ కొట్టా. రోజూ ఆఫీస్‌లో పేమెంట్ సిస్టమ్స్ టెస్టింగ్ చేసేవాణ్ణి నేను. నా చెప్పు తీసుకుని నేనే కొట్టుకోవాలి.

శుక్రవారం అసలు అలాట్‌మెంట్ వచ్చింది. జేఎన్‌టీయూ జగిత్యాల, అదే కొండగట్టు కాలేజీ, ఈసీఈ. ఫోన్‌లో అక్క ఏడుపే తక్కువ, "అంజన్న కాళ్ల కాడ్నే ఏసిండురా బిడ్డను" అని. ఇంటి నుంచి గంట ప్రయాణం, గవర్నమెంట్ కాలేజీ, ఇంకేం కావాలి. ఫీజు కట్టి సెల్ఫ్ రిపోర్టింగ్, అంటే సీటు తీసుకుంటున్నాం అని చెప్పడం, ఆన్‌లైన్‌లో చేసేశాం, దానికి ఒరిజినల్స్ అక్కర్లేదు. కానీ చివర్లో కాలేజీకి పోయి రిపోర్ట్ చేసేటప్పుడు టీసీ ఇవ్వాలి కదా. ఆ టీసీ ఎక్కడుంది? ఆ టై కట్టుకున్నోడి బీరువాలో.

ఇక శనివారం సంగతి. ఇది రాయడానికే కూర్చున్నా అసలు.

పిల్లని తీసుకుని వాళ్ల ఆఫీస్‌కి పోయా. గంటంబావు బయట కూర్చోబెట్టారు. కౌన్సెలర్ అద్దం తలుపు వెనక కనిపిస్తూనే ఉన్నాడు, ఇంకెవరో అమ్మానాన్నలకి అదే బ్రోచర్, అదే నవ్వు. మమ్మల్ని చూశాడు, చూడనట్టు తల తిప్పుకున్నాడు. చివరికి లోపలికి పిలిచాడు. సీటొచ్చింది, క్యాన్సిల్ చేసుకుంటాం, ఒరిజినల్స్ ఇచ్చేయండి, డబ్బులు ఎంత కట్ చేస్తారో చెప్పండి అని మర్యాదగానే అడిగా. అన్నా అనే పిలుపు అక్కడే చచ్చిపోయింది.

"మీరెవరండీ?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. మొన్న నేనే కదా లక్ష కట్టింది అన్నా. "అది కాద్సార్, మీరు పేరెంటా? కాదు కదా. అడ్మిషన్ విషయాలు పేరెంట్‌తోనే మాట్లాడతాం. పాలసీ." డబ్బులు తీసుకునేటప్పుడు మేనమామ పనికొచ్చాడు, ఫారం మీద గార్డియన్ అని నాతోనే సంతకం పెట్టించాడు, తిరిగిచ్చేటప్పుడు మాత్రం నేను దారినపోయే దానయ్యని. పక్కన పిల్ల కూర్చుని ఉంది, దాని ముందు అన్నాడు ఈ మాట.

గొంతు పెంచా. అప్పుడు ఫైల్ తీశాడు, అప్లికేషన్ ఫారం వెనక పేజీ తిప్పి చీమ తలకాయంత అక్షరాల మీద పెన్నుతో గీత గీశాడు. సర్వీస్ ఛార్జెస్ నాన్ రిఫండబుల్. నేను కట్టిన లక్షా పాతికలో డెబ్బై ఐదు వేలు సర్వీస్ ఛార్జ్ అట! యూనివర్సిటీకి పోయింది యాభై వేలేనట, అది వాళ్లని అడుక్కోవాలట. దేనికయ్యా డెబ్బై ఐదు వేల సర్వీసు, సమోసాకా?

అంతా అయ్యాక, నేను తల పట్టుకుని కూర్చుంటే, ముందుకు వంగి, మళ్లీ గొంతులో ఆ తేనె తెచ్చుకుని ఏమన్నాడో తెలుసా. "సార్, అంత ఫీల్ కాకండి. మీ చుట్టాల్లో, ఆఫీసులో ఇంకెవరైనా పిల్లలుంటే పంపించండి. ఒక్కో అడ్మిషన్‌కి ఇరవై వేలు ఇస్తం. నలుగుర్ని పంపిస్తే మీ లాస్ కవర్ అయిపోతది."

నాకు నోట మాట రాలేదు. పిల్ల మాత్రం టేబుల్ మీద తెరిచి ఉన్న మా ఫారం వైపే చూస్తోంది. మొదటి పేజీలో పైన కుడివైపు "రెఫరెన్స్" అని ఒక డబ్బా ఉంది, అందులో నా రాత కాదు, వాడి రాతతో ఒక పేరు, ఫోన్ నంబరు. "మామా, ఈయన మీ ఆఫీస్ అంకుల్ కదా, ఫెయిర్ గురించి చెప్పింది" అంది.

జెన్యూన్ పీపుల్ బ్రో.

ఆ కుర్చీలోంచి ఎట్లా లేచానో నాకే తెలీదు. మెట్లు దిగుతుంటే పిల్ల "సారీ మామా, నేను ఆ రోజు ఏడవకపోతే నువ్వు కట్టేవాడివి కాదు" అంది. పద్దెనిమిదేళ్లు కూడా నిండలేదు దానికి. సారీ చెప్పాల్సింది నేను.

ఇవాళ అక్క వచ్చింది, పొద్దున ఫస్ట్ బస్సుకి. ఆదివారం కూడా ఆఫీస్ తెరిచే ఉంది, సీజన్ కదా. రాత్రంతా కూర్చుని చదివిన యూజీసీ (యూనివర్సిటీలకి రూల్స్ పెట్టే కేంద్ర సంస్థ) కాగితం ప్రింట్ తీసుకుపోయా. 2018 అక్టోబర్‌లో యూజీసీ ఇచ్చిన నోటిఫికేషన్ అది, అందులో స్పష్టంగా ఉంది, అప్లికేషన్ టైంలో ఒరిజినల్స్ చూసి సరిచూసుకుని అక్కడికక్కడే వెనక్కిచ్చేయాలి తప్ప దగ్గర పెట్టుకోకూడదు అని. అడ్మిషన్ల లాస్ట్ డేట్‌కి పదిహేను రోజుల ముందే మానుకుంటే ఫీజు మొత్తం ఇచ్చేయాలి, ప్రాసెసింగ్ కింద 5 శాతం, అదీ 5,000 మించకుండా పట్టుకోవచ్చు. తర్వాత 2024-25కైతే ఇంకా సులువు చేసి సెప్టెంబర్ 30 లోపు క్యాన్సిల్ చేసుకుంటే పూర్తి ఫీజు, అక్టోబర్ 31 వరకైతే వెయ్యికి మించి కోయొద్దు అని చెప్పారు. ఇవన్నీ యూనివర్సిటీలకి రూల్స్, వీడు యూనివర్సిటీ కాదు, మధ్యలో దూరినోడు, అదే వాడి ధీమా. అందుకే డెబ్బై ఐదు వేలు వాడి ఖాతాలో వేయించుకుని యాభై వేలే అక్కడికి పంపాడు.

కాగితాలకి వాడు బెదరలేదు. అక్క ఏం చేసిందంటే, హాల్లో కుర్చీ లాక్కుని కూర్చుంది, బ్రోచర్ల కోసం వచ్చిన ప్రతి తల్లికీ "మీ పిల్ల కాయితాలు మాత్రం ఇయ్యకమ్మా, మావి ఇచ్చి మూడు దినాలాయె తిరుగుతున్నం" అని చెప్పడం మొదలుపెట్టింది. అరవలేదు, తిట్టలేదు. మూడో ఫ్యామిలీ లేచి వెళ్లిపోయేసరికి ఫోల్డర్ బయటికొచ్చింది, టీసీ, మెమోలు అన్నీ ఉన్నాయి. నేను లీగల్‌గా పోదామని రాత్రంతా చదివితే మా అక్క ఇరవై నిమిషాల్లో తెచ్చుకుంది. అది చూసే కాబోలు, బయటికొచ్చేటప్పుడు ఆ లీగల్ నోటీసు బెదిరింపు.

డబ్బులు మాత్రం రాలేదు. యాభై వేలకి యూనివర్సిటీకి మెయిల్ పెట్టా, టోల్‌ఫ్రీలో అమ్మాయి "మీ అడ్మిషన్ పార్ట్‌నర్ ద్వారా రిక్వెస్ట్ రావాలి సార్" అంటోంది. పార్ట్‌నరట! యూజీసీ ఈ-సమాధాన్ పోర్టల్‌లో కంప్లైంట్ వేశా, డెబ్బై ఐదు వేల గురించి రేపు 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి చేస్తా. వస్తాయన్న ఆశ పెద్దగా లేదు. బావకి ఇంకా మొత్తం ఎంతో చెప్పలేదు, నేనే కట్టుకుంటా అంటే అక్క ఒప్పుకోవట్లేదు.

ఇంకో కడుపుమంట ఏంటంటే, నిన్న రాత్రి ఆ యూనివర్సిటీ వాళ్లు ఎన్‌ఐఆర్‌ఎఫ్‌కి, అంటే కాలేజీలకి కేంద్రం ఇచ్చే ర్యాంకింగ్‌కి, ఇచ్చిన డేటా పీడీఎఫ్ తెరిచా. ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగమొచ్చింది, మీడియన్ శాలరీ ఎంత అని అందులో ఉంటుంది, ఎవరైనా చూడొచ్చు, ఫ్రీ. 44 లక్షల కాలేజీలో మీడియన్ నాలుగు లక్షల చిల్లర, అంటే ఉద్యోగమొచ్చినవాళ్లలో సగం మందికి అంతకంటే తక్కువే. ఎన్‌బీఏ అన్నాడే, అది కాలేజీ మొత్తానికి ఇచ్చేది కాదు, ఒక్కో బ్రాంచికి విడిగా ఇస్తారు, అక్కడ మెకానికల్‌కి ఉంది, ఈసీఈకి లేదు. పైగా మనలాంటి బీసీ పిల్లకి మన రాష్ట్రం ఫీజు రీయింబర్స్‌మెంట్ అక్కడ పైసా రాదు. ఇదంతా చూడ్డానికి నాకు నలభై నిమిషాలు పట్టింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడంలో నేను ఎక్స్‌పర్ట్.

అడ్వైస్ అంటారా, నాలాంటోడు ఏం ఇస్తాడు. ఒరిజినల్స్ చూపించండి, ఇవ్వకండి. డబ్బులు కడితే యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో పిల్ల పేరు మీదే కట్టండి. మాక్ చూసి భయపడకండి. ఎవరైనా ఫలానా చోట చేర్పించమని మరీ ప్రేమగా చెప్తే, నీకెంత వస్తుంది అని మొహం మీదే అడగండి, చుట్టమైనా సరే.

రేపు సోమవారం, ఆఫీస్‌కి పోవాలి. ఆ "జెన్యూన్ పీపుల్" అన్నోడిది నా ఎదురు సీటే. పొద్దున్నే "ఏం బ్రో, పాపకి సీట్ సెట్ అయిందా" అని అడుగుతాడు చూడండి.